పాత మినీబైక్ పునరుద్ధరణ: ముందు ఇంజిన్, ఆఖరున రంగు

తుప్పు పట్టిన పాత మినీబైక్ చేతికి రాగానే చాలామంది మొదట చేసే పని దాన్ని ఏ ముక్కకా ముక్క విప్పేసి, ఛాసిస్‌ను పెయింటుకు పంపేయడం. దయచేసి ఆ పని చేయకండి. పెయింటు ఆఖరి పని. ముందు బండి ఉన్నది ఉన్నట్టుగానే స్టార్ట్ కావాలి, కొంచెం దూరమైనా నడవాలి, బ్రేకు వేస్తే ఆగాలి. దాని లోపాలన్నీ అప్పుడే బయటపడతాయి. రంగు వేశాక ఇంజిన్ కూర్చునే ప్లేటు దగ్గర పగులు కనిపిస్తే వెల్డింగ్ వేడికి ఆ రంగంతా మాడిపోతుంది. పైగా డబ్బాల్లో పోసిన సామాను నెల తిరిగేసరికి ఎక్కడిదేదో గుర్తుండదు. అలా డబ్బాల్లోనే ఆగిపోయిన మంచి బళ్లు చాలా ఉన్నాయి. మీ బండి అలా కాకూడదనే ఈ వరుసంతా.

ఇక్కడ చెబుతున్నది 1960లు, 70లలో అమెరికాలో వచ్చిన మినీబైకుల గురించి. వంచిన ఇనుప గొట్టాల ఛాసిస్, తాడు లాగి స్టార్ట్ చేసే సింగిల్ సిలిండర్ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్, గేర్లు లేకుండా, ఇంజిన్ వేగం పెరిగితే తనంతట తానే పట్టుకునే సెంట్రిఫ్యూగల్ క్లచ్, ఒక చైన్, రెండు చిన్న చక్రాలు. గడ్డి కోసే యంత్రాలకు, నీటి పంపులకు వాడే బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్, టెకుమ్సే ఇంజిన్లే వీటికీ పెట్టేవాళ్లు. వీటిలో బాగా పేరున్న రప్ బళ్లు ఒహాయోలోని మాన్స్‌ఫీల్డ్‌లో తయారయ్యేవి. ఆ కంపెనీ పెట్టిన మిక్కీ రప్ 1965లో ఇండియానాపోలిస్ 500 రేసులో ఆరో స్థానంలో నిలిచిన డ్రైవర్. హోండా దారి వేరు. 1961లో టోక్యో దగ్గరి టామా టెక్ వినోద పార్కు కోసం చేసిన జెడ్100 నుంచి, 1968 నాటి జెడ్50ఏ దాకా అవి గేర్లున్న అసలు సిసలు మోటార్‌సైకిల్ ఇంజిన్లతో వచ్చాయి. మీ దగ్గరున్నది హోండా అయితే ఇంజిన్ భాగం వదిలేసి ఛాసిస్, తుప్పు, చక్రాలు, రంగు గురించి చెప్పినవి తీసుకోండి.

ముందు బండిని గుర్తుపట్టండి

బ్రిగ్స్ ఇంజిన్ అయితే ఫ్లైవీల్ (ఇంజిన్ షాఫ్ట్ చివర తిరిగే బరువైన చక్రం) మీది రేకు కవరుపై మూడు నంబర్లు చెక్కి ఉంటాయి: మోడల్, టైప్, కోడ్. మోడల్ నంబరు మొదట్లో ఉండేది ఇంజిన్ సైజు, ఘనపు అంగుళాల్లో. 80202 అంటే 8 ఘనపు అంగుళాలు, ఇది సాధారణంగా 3 హెచ్‌పీ. 130202 అంటే 13, ఇది 5 హెచ్‌పీ. కోడ్ నంబరులో తయారీ తేదీ ఉంటుంది. 72051503 అని ఉంటే మొదటి ఆరంకెలను 1972 మే 15 అని చదవాలి. టెకుమ్సేలో హెచ్35 అంటే అడ్డంగా ఉండే షాఫ్ట్, 3.5 హెచ్‌పీ.

ఒక జాగ్రత్త. ఆ రేకు కవరు నాలుగు బోల్టులు విప్పితే ఊడొస్తుంది కాబట్టి మరో ఇంజిన్‌దై ఉండొచ్చు. ఇంజిన్ తేదీ, బండి తేదీ ఒకటే కావాలనీ లేదు. ఇంజిన్లు వేరే ఫ్యాక్టరీ నుంచి వచ్చేవి కాబట్టి బండి కంటే కొన్ని నెలలు ముందుగా ఉండటం మామూలే. టెకుమ్సే 2008 చివర్లో ఇంజిన్ల తయారీ ఆపేసింది, అందువల్ల దాని పాత సామాను ఏదీ పారేయకండి. పగిలిన కార్బురేటర్ బాడీ నుంచి కూడా పనికొచ్చే స్క్రూలు, సూదులు దొరుకుతాయి.

విప్పేముందు

ఫోటోలు తీయండి. చాలనిపించాక ఇంకొన్ని తీయండి. ముఖ్యంగా మూడు చోట్ల: యాక్సిలేటర్ కేబుల్ ఏ దారిన వెళ్తోంది, గవర్నర్ (ఇంజిన్ వేగం హద్దు దాటకుండా చూసే ఏర్పాటు) స్ప్రింగు లివర్ మీది ఏ రంధ్రంలో ఉంది, క్లచ్ వెనక ఎన్ని వాషర్లు ఏ వరుసలో ఉన్నాయి. గవర్నర్ లివరుకు పక్కపక్కనే చిన్న రంధ్రాలు ఉంటాయి. స్ప్రింగును ఒక్క రంధ్రం పక్కకు మార్చినా ఇంజిన్ గరిష్ఠ వేగం మారిపోతుంది, చూపుకు మాత్రం ఏ తేడా తెలియదు.

బిగుసుకుపోయిన బోల్టులకు తుప్పు వదిలించే నూనె పట్టించి రోజులు గడవనివ్వండి. అల్యూమినియం బ్లాకులోని ఇనుప బోల్టు రాకపోతే ముందు కొద్దిగా బిగించే వైపు కదిపి, ఆ తర్వాత విప్పండి. అయినా రాకపోతే వేడి చేయాలి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ చల్లిన చోట మాత్రం మంట పెట్టకండి, వెల్డింగ్ చేయకండి. ఆ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది, అది ప్రాణం తీస్తుంది.

ఇంజిన్‌ను బతికించడం

అసలు పనంతా ఇక్కడే ఉంది. తాడు లాగి చూడాలని చేయి ఉవ్విళ్లూరుతుంది, కాస్త ఆపుకోండి. ముందు పాత ఆయిల్ దించండి. అందులో వెండిలా మెరిసే పొడి ఉంటే లోపల కనెక్టింగ్ రాడ్ అరుగుతోందన్నమాట. స్పార్క్ ప్లగ్ తీసి, సిలిండర్లో ఒక చెంచాడు ఆయిల్ పోసి, ఫ్లైవీల్‌ను చేత్తో మెల్లగా తిప్పండి. తిరగకుండా పట్టేసి ఉంటే హెడ్ తీసి, పిస్టన్ చుట్టూ నూనె నింపి నానబెట్టండి. కదిలించడానికి చెక్కముక్క అడ్డం పెట్టి తేలిగ్గా తట్టండి. ఇనుప సుత్తితో నేరుగా పిస్టన్ మీద కొడితే అక్కడితో దాని పని అయిపోతుంది.

కంప్రెషన్ చూడటానికి బ్రిగ్స్‌లో తేలికైన పద్ధతి ఉంది. ఈ ఇంజిన్లలో స్టార్టింగ్ సులువు కావడానికి కంప్రెషన్ కొంత వదిలేసే ఏర్పాటు ఉంటుంది కాబట్టి గేజ్ పెడితే తక్కువ చూపిస్తుంది. ప్లగ్ బిగించి, ఫ్లైవీల్‌ను మామూలుగా తిరిగే దిశకు ఎదురుగా గట్టిగా తిప్పండి. టక్కున వెనక్కి తన్నితే కంప్రెషన్ బాగున్నట్టే.

తర్వాత స్పార్క్. 1982కు ముందు బ్రిగ్స్ ఇంజిన్లలో స్పార్క్ పుట్టించే పాయింట్లు (తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే చిన్న స్విచ్), కండెన్సర్ ఫ్లైవీల్ కింద ఉంటాయి. ఫ్లైవీల్ ఊడదీయడానికి పుల్లర్ వాడండి. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే అల్యూమినియం బ్లాకు పగులుతుంది. బయటికి వచ్చాక ముందు ఫ్లైవీల్‌ను షాఫ్ట్ మీద సరైన చోట పట్టి ఉంచే కీ చూడండి. బ్రిగ్స్‌లో అది కావాలనే మెత్తటి అల్యూమినియంతో చేసిన చిన్న ముక్క. ఇంజిన్ ఉన్నట్టుండి ఆగితే ఆ దెబ్బ తను తీసుకుని తెగిపోతుంది. సగం తెగిన కీతో టైమింగ్ (స్పార్క్ పడాల్సిన సమయం) తప్పుతుంది: స్పార్క్ ఉంటుంది, పెట్రోలు ఉంటుంది, ఇంజిన్ మాత్రం స్టార్ట్ కాదు. దాని స్థానంలో స్టీలు కీ ఎప్పుడూ వేయకండి.

పాయింట్ల ముఖాల మీద ఏళ్ల తరబడి పేరుకున్న బూడిద రంగు పొర ఉంటుంది. సన్నని ఎమరీతో ఒకసారి రుద్ది, తర్వాత శుభ్రమైన తెల్లకాగితం మధ్యలో పెట్టి లాగండి. కాగితం మీద నల్లగీత పడకుండా వచ్చేదాకా లాగుతూనే ఉండండి. చాలా ఇంజిన్లకు ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. క్రాంక్ షాఫ్ట్‌ను తిప్పి పాయింట్లు బాగా తెరుచుకున్న చోట ఆపి, ఫీలర్ గేజ్‌తో (సన్నని కొలత రేకులతో) గ్యాప్ 0.51 మి.మీ. పెట్టండి. స్పార్క్ ప్లగ్ గ్యాప్ 0.76 మి.మీ. కాయిల్‌కు, ఫ్లైవీల్ అయస్కాంతానికి మధ్య గ్యాప్ చిన్న 80000 సిరీస్‌లో 0.15 నుంచి 0.25 మి.మీ., పెద్ద 130000 సిరీస్‌లో 0.25 నుంచి 0.36 మి.మీ. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకునే వీలూ ఉంది. అలా చేస్తే పాయింట్లను కదిపే పుల్ల ఉండే రంధ్రాన్ని మూసేయాలి, లేకపోతే ఆయిల్ కారుతుంది. నా వరకు నేను పాయింట్లే ఉంచుతాను. శుభ్రంగా ఉంచితే ఏళ్లపాటు పనిచేస్తాయి, బండి పుట్టిన కాలానికీ తగినట్టుంటాయి.

ఇక పెట్రోలు. బ్రిగ్స్ చిన్న ఇంజిన్లలో కార్బురేటర్ నేరుగా ట్యాంకు మీదే కూర్చుంటుంది, మధ్యలో డయాఫ్రమ్ అనే పల్చటి పొర. ఏళ్లు గడిస్తే అది బిరుసెక్కి ముడతలు పడుతుంది. చూడ్డానికి బాగున్నా మార్చేయండి. ట్యాంకులోకి దిగే గొట్టం చివరి జల్లెడ మూసుకుపోయి ఉంటుంది, విప్పి కడగండి. కార్బురేటర్ కూర్చునే చోట ట్యాంకు పైభాగం చదునుగా ఉందో లేదో స్టీలు స్కేలు నిలువుగా ఆనించి చూడండి. స్కేలు కింద 0.05 మి.మీ. ఫీలర్ దూరితే ట్యాంకు వంగినట్టే. ఎంత ట్యూన్ చేసినా ఇంజిన్ ఎగసిపడుతూ తగ్గుతూ ఉండటానికి చాలాసార్లు కారణం ఇదే, జనం మాత్రం కార్బురేటర్‌ను తిట్టుకుంటూ ఉంటారు. పెట్రోలు, గాలి పాళ్లు మార్చే మిక్స్చర్ స్క్రూను మెల్లగా ఆనేదాకా బిగించి, ఒకటిన్నర చుట్టు వెనక్కి విప్పండి. గట్టిగా బిగిస్తే సూది మొన చెడుతుంది. అసలు ట్యూనింగ్ ఇంజిన్ వేడెక్కాక.

ట్యాంకు లోపల తుప్పుంటే వెనిగర్, గుప్పెడు నట్లు వేసి ఊపి నానబెట్టండి. తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి, ఆరబెట్టి, వెంటనే కొంచెం ఆయిల్ పోసి తిప్పండి. ఆలస్యమైతే గంటల్లోనే కొత్త తుప్పు మొదలవుతుంది.

ఎస్ఏఈ 30 ఆయిల్ సుమారు 0.6 లీటరు పోసి, చైన్ తీసేసి, బయట గాలి ఆడే చోట స్టార్ట్ చేయండి. మూసిన గదిలో వద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. కాసేపటికి నీలం పొగ తగ్గకపోతే పిస్టన్ రింగులు మార్చాలని తీర్మానించే ముందు వాల్వుల మూత మీది బ్రీదర్ (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే దారి) చూడండి. అది ఇరుక్కుంటే లోపలి ఒత్తిడికి ఆయిల్ ఎగదన్ని పొగొస్తుంది. చాలాసార్లు దాన్ని కడిగితే సరిపోతుంది.

హెడ్ తీయాల్సి వస్తే ఒక పని తప్పకుండా చేయండి. అట్టముక్క మీద హెడ్ ఆకారం గీసి, బోల్టుల చోట్ల రంధ్రాలు పొడిచి, ఏ బోల్టు తీస్తే అది అదే రంధ్రంలో గుచ్చండి. ఈ హెడ్ బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. పొడవు బోల్టు ఉండాల్సిన చోట పొట్టిది పెడితే రెండు మూడు మరలే పట్టి, బిగించేటప్పుడు బ్లాకు మరలు చెడిపోతాయి. బొగ్గును చెక్కపుల్లతో గీకండి. హెడ్ గ్యాస్కెట్ ప్రతిసారీ కొత్తదే వేయండి. బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగిస్తూ బ్రిగ్స్ ఈ సిరీస్‌లకు 16 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపండి. హెడ్ ఊడి ఉన్నప్పుడే వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్ కాడకు, దాన్ని తోసే ముక్కకు మధ్య ఖాళీ) కూడా కొలవండి. చల్లటి ఇంజిన్ మీద ఇన్‌టేక్ 0.13 నుంచి 0.18 మి.మీ. ఎగ్జాస్ట్ 80000 సిరీస్‌లో 0.18 నుంచి 0.23, 130000లో 0.23 నుంచి 0.28. దీనికి అడ్జస్టింగ్ స్క్రూ ఉండదు. గ్యాప్ తక్కువైతే వాల్వ్ కాడ చివరను కొద్దికొద్దిగా అరగదీయాలి. ఎక్కువ అరగదీస్తే వెనక్కి తేలేం, కాబట్టి ప్రతి అరగదీతకూ ఒకసారి కొలవండి.

గవర్నర్‌ను వదిలేయండి

ఎక్కువ స్పీడు కోసం గవర్నర్ తీసేయమని సలహా ఇచ్చేవాళ్లు మీకు తప్పకుండా తగులుతారు. వినకండి. ఈ ఇంజిన్లు నిమిషానికి 3600 చుట్లు లోపల తిరగడానికి తయారైనవి. కనెక్టింగ్ రాడ్ అల్యూమినియం, ఆయిల్ పంపు లేదు. రాడ్ అడుగున ఉన్న చిన్న గరిటె ఆయిల్‌ను చిమ్మితేనే అన్నీ తడుస్తాయి. అంతకు మించి పరిగెత్తిస్తే రాడ్ విరిగి బ్లాకును చీల్చుకొని బయటికొస్తుంది. పోత ఫ్లైవీల్ ముక్కలైతే ఆ ముక్కలు వెళ్లేది నడిపేవాడి కాళ్ల మీదికి. చాలావరకు వీటిని నడిపేది పిల్లలు. దీని మీద నేను ఎవరితోనూ రాజీపడను.

నిజానికి ఆ వేగం చాలు. చైన్ తిరిగే పళ్ల చక్రాలకు (స్ప్రాకెట్లకు) ఇంజిన్ వైపు 12 పళ్లు, బండి చక్రం వైపు 72 పళ్లు ఉంటే చక్రం నిమిషానికి 600 సార్లు తిరుగుతుంది. టైరు వ్యాసం 30 సెం.మీ. అయితే గంటకు 34 కిలోమీటర్లు. సస్పెన్షన్ లేని, వెనక ఒక్క బ్రేకున్న బండికి అది తక్కువేమీ కాదు.

క్లచ్, చైన్

సెంట్రిఫ్యూగల్ క్లచ్ సుమారు 2000 చుట్ల దగ్గర పట్టుకుంటుంది. ఐడిలింగ్ అంతకంటే తక్కువ ఉండాలి, లేకపోతే బండి నిలబడి ఉన్నప్పుడే లాగుతుంది. స్ప్రాకెట్ లోపలి బుష్‌కు రెండు మూడు చుక్కల ఆయిల్ వేయండి, డ్రమ్‌ను పట్టుకునే షూలకు మాత్రం తగలనివ్వకండి. బరువున్న మనిషి ఎక్కి మెల్లగా ఎత్తు ఎక్కితే క్లచ్ మాడి నీలం రంగుకు తిరుగుతుంది. అలా మాడిన డ్రమ్‌ను మార్చడమే మంచిది.

చైన్ కొనేముందు పిచ్ (పక్కపక్క పిన్నుల మధ్య దూరం) కొలవండి. 35 నంబరు చైన్‌కు 9.5 మి.మీ., 41, 420 నంబర్లకు 12.7 మి.మీ. రెండు స్ప్రాకెట్లు ఒకే గీతలో ఉన్నాయని స్టీలు స్కేలు ఆనించి చూడండి. చైన్ తరచుగా ఊడిపోతుంటే తప్పు దాదాపు ఎప్పుడూ ఇక్కడే. మధ్యలో ఒక 12 మి.మీ. ఆట ఉంచండి. లింకు క్లిప్ మూసిన వైపు చైన్ వెళ్లే దిశకు ఉండాలి.

ఛాసిస్, తుప్పు

ఇప్పుడు విప్పండి. హ్యాండిల్ ఫోర్క్ దూరే గొట్టం చుట్టూ, ఇంజిన్ ప్లేటు మూలల్లో, వెనక ఇరుసు పట్టే పలకల దగ్గర వైరు బ్రష్‌తో గీకి పగుళ్లు వెతకండి. పెయింటు కింద సన్నని తుప్పుగీత కనిపిస్తే అది పగులే అనుకోండి. ముందు నుంచి వెనక్కి దారం బిగించి ఛాసిస్ వంకర ఉందేమో చూడండి. పల్చటి గొట్టానికి వెల్డింగ్ బాగా తెలిసినవాళ్ల చేతే చేయించండి. స్టీరింగ్ దగ్గర వెల్డ్ విరిగితే పడేది తలకిందులుగానే.

పాత పెయింటులో సీసం ఉండొచ్చు కాబట్టి పొడిగా అరగదీయకుండా, నీళ్లు చల్లుతూ, మాస్కు పెట్టుకొని రుద్దండి. చిన్న ఇనుప సామానుకు కరెంటు పద్ధతి చాలా బాగుంటుంది. ప్లాస్టిక్ తొట్టెలో నాలుగు లీటర్ల నీళ్లకు పెద్ద చెంచాడు చాకలి సోడా కలపండి. 12 వోల్టుల బ్యాటరీ ఛార్జర్ నెగటివ్ వైరు తుప్పు పట్టిన ముక్కకు, పాజిటివ్ వైరు పనికిరాని ఇనుప ముక్కకు తగిలించి, రెండూ తాకకుండా ముంచండి. ఆ పనికిరాని ముక్క స్టెయిన్‌లెస్ స్టీలు కాకూడదు, నీళ్లలో విషపు క్రోమియం చేరుతుంది. హైడ్రోజన్ పుడుతుంది కాబట్టి బయటే, నిప్పుకు దూరంగా. అల్యూమినియం, స్ప్రింగులు ఇందులో వేయకండి.

చక్రాలు, బ్రేకు

రెండు ముక్కల రిమ్ములైతే బోల్టులు విప్పేముందు వాల్వ్ లోపలి పిన్ను పూర్తిగా తీసేయండి. కొద్దిగా గాలి మిగిలినా రిమ్ము సగం ముఖం మీదికి ఎగురుతుంది. టైరు మీద 4.10/3.50-5 అని ఉంటే చివరి 5 రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. బిగించేటప్పుడు ట్యూబుకు పౌడరు రాసి కాస్త గాలి పెడితే రెండు ముక్కల మధ్య నలగదు. బేరింగులు కొత్తవి వేయండి.

డ్రమ్‌లోని పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఆ దుమ్మును గాలితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. టైరు మీద నేరుగా ఇనుప పలక రుద్దుకునే రకం బ్రేకు తడిలో అసలు పట్టదు. బండి కేవలం చూపుకైతే ఉంచండి, నడిపేదైతే డ్రమ్ లేదా బ్యాండ్ బ్రేకు పెట్టండి. ఇక్కడ అసలుతనం కంటే మనిషి ముఖ్యం.

రంగుకు ముందు ఒకసారి మొత్తం బిగించండి

వెల్డింగులు అయ్యాక, ప్రైమర్ కూడా వేయకముందే, బండి మొత్తం బిగించి నడపండి. కొత్త సైలెన్సర్ కాలికి తగులుతోందా, కేబుల్ లాగి వదిలితే యాక్సిలేటర్ దానంతటదే వెనక్కి వస్తోందా, హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు ఇంజిన్ స్పీడు పెరుగుతోందా, ఆపే స్విచ్ పనిచేస్తోందా చూడండి. కొత్త రంధ్రాలు పడాల్సినవీ, వంచాల్సినవీ ఇప్పుడే అయిపోవాలి.

రంగు

అసలు ఫ్యాక్టరీ రంగు సగానికి పైగా మిగిలి ఉంటే దాన్ని తీసేయకండి. సబ్బునీళ్లతో కడిగి పాలిష్ పట్టి ఉంచిన అరిగిన రంగు, స్టిక్కర్లు కొత్త పెయింటు కంటే నాకు ఎప్పుడూ ముద్దుగా కనిపిస్తాయి, సేకరించేవాళ్లూ దానికే విలువ కడతారు. వేయక తప్పకపోతే అసలు రంగు సీటు కింద, ఇంజిన్ ప్లేటు అడుగున ఎండ తగలని చోట వెతకండి.

ఆ కాలపు చాలా బళ్ల మీద క్యాండీ రంగులు ఉండేవి. ముందు వెండి లేదా బంగారు రంగు పూత, దానిపై లోపలి మెరుపు కనిపించే పారదర్శక రంగు, ఆపైన క్లియర్ (రంగులేని మెరుపు పూత). పారదర్శక పూత ఒకటి పెరిగినా రంగు ముదురుతుంది. అందుకే ఛాసిస్, ఫోర్క్, చైన్ కవరు అన్నీ ఒకే రోజు, ఒకే లెక్కన కొట్టాలి. మధ్యలో గీత పడితే అతుకు కనిపించకుండా సరిచేయడం దాదాపు అసాధ్యం. పెట్రోలు పడినా చెడని రెండు భాగాల క్లియర్‌లో ఐసోసయనేట్లు అనే హానికర రసాయనాలు ఉంటాయి, మామూలు దుమ్ము మాస్కు వాటిని ఆపదు. బయటి నుంచి మంచి గాలి అందించే మాస్కు లేకపోతే ఆ పని దుకాణానికే వదిలేయండి. పౌడర్ కోటింగ్ గట్టిది, పొర మాత్రం మందం. బేరింగ్ కూర్చునే చోట్లు, మరలు, ఆపే స్విచ్ ఎర్త్ తగిలే చోటు ముందే టేపుతో మూయించండి.

తేలికపాటి తుప్పున్న క్రోమ్‌ను అల్యూమినియం ఫాయిల్ నీళ్లలో ముంచి రుద్దితే తేటపడుతుంది. లోపలి నికెల్ పొర లేచిపోయి ఉంటే రుద్దినా లాభం లేదు.

చివరి బిగింపు, మొదటి పరుగు

రంగు ఆరాక వారం పైనే ఆగండి. పైకి ఎండినా లోపల మెత్తగా ఉండి బోల్టు కింద నలిగిపోతుంది. ఇంజిన్, ఇరుసు, హ్యాండిల్ బోల్టులకు కొత్త లాక్ నట్లు వేయండి. సింగిల్ సిలిండర్ ఇంజిన్ అదురు మామూలు నట్లను సులువుగా వదులుచేస్తుంది.

హెల్మెట్, బూట్లు, చేతులకు గ్లౌజులు. ఈ బళ్లు రోడ్డుకు తయారైనవి కావు, సొంత స్థలంలో, చదునైన నేల మీదే నడపండి. పది నిమిషాలు నడిపి ఆపి, అన్ని నట్లూ మళ్లీ పానాతో చూడండి. చైన్ ఆట మళ్లీ కొలవండి, కొత్త చైన్ మొదట్లో సాగుతుంది. కొత్త రింగులు వేసి ఉంటే మొదటి కొన్ని గంటలకే ఆయిల్ మార్చండి. ప్రతిసారీ నడిపేముందు ఆయిల్ మట్టం చూడండి, గరిటెకు ఆయిల్ అందకపోతే రాడ్ నిమిషాల్లో పోతుంది. నెలలపాటు నిలిపేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్‌లోని పెట్రోలు అయిపోయి ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడవనివ్వండి. తర్వాత ప్లగ్ తీసి చెంచాడు ఆయిల్ పోసి, తాడును మెల్లగా లాగి, కంప్రెషన్ బిగువు తగిలిన చోట ఆపండి. వాల్వులు రెండూ మూసుకొని ఉంటాయి, తేమ లోపలికి పోదు.